హాజరు పట్టీ

2007లో మా అమ్మని ఐన్ ఖాలిద్‌కి రప్పించుకోవడానికి వీసా కాగితాలు నింపుతూ, పుట్టిన తేదీ దగ్గర ఆగి ఇంటికి ఫోన్ చేశాను. "ఏది కావాలే నీకు? నాదా, రిజిస్టరుదా?" అంది అమ్మ.

నాకు తెలియని సంగతేం కాదు. మా ఇంట్లో అమ్మకి రెండు వయసులుండేవి. అమ్మమ్మ లెక్కలో అమ్మ పుట్టింది 1929. సర్వీసు రిజిస్టరులో 1926 జూలై 1. పాస్‌పోర్టు వాళ్ళు రిజిస్టరునే నమ్మారు. అంచేత ఆ డిసెంబరులో డెబ్భై ఎనిమిదేళ్ళ మా అమ్మ దోహాలో విమానం దిగితే, ఇమ్మిగ్రేషన్ కుర్రాడు పాస్‌పోర్టు చూసి, ఎనభై ఒకటి దాటిన ముసలావిడ కదా అని లేచి కుర్చీ తెప్పించాడు. "మూడేళ్ళు ఎక్కువ వేసినందుకు ఇన్నాళ్ళకి ఓ లాభం" అని నవ్వింది.

ఐన్ అంటే అరబ్బీలో కన్ను. నీటి ఊటకి కూడా అదే మాట. మేం 2004లో ఇక్కడికి మారాం. సల్వా రోడ్డు దక్షిణాన ఎత్తయిన ప్రహరీలు, వాటి లోపల విల్లాలు, ఒక్కో విల్లాలో గోడలు కట్టి నలుగురైదుగురికి అద్దెకిచ్చిన వాటాలు. అవతల ఇండస్ట్రియల్ ఏరియా. అమ్మ మూడో రోజున "ఖాలిద్‌గారి ఊట ఏదే?" అని అడిగింది. నీళ్ళు ట్యాంకులోంచి వస్తాయని చెప్పాను. అంతకంటే నాకూ తెలీదు.

పొద్దున్నే వరండాలో కూర్చుని స్కూలు బస్సులు లెక్కపెట్టడం అమ్మకి కాలక్షేపం. నల్లటి అబాయాల్లో ఆడపిల్లలు బస్సు ఎక్కుతుంటే చూసి ఓ రోజు అడిగింది: "ఇక్కడ ఆడపిల్లలకి బడి ఎప్పుడు పెట్టారు? మొదటి పంతులమ్మ ఎవరు?"

ఇన్నేళ్ళుగా ఈ దేశపు ఉప్పు తింటూ ఆ ప్రశ్న ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. మర్నాడు ఆఫీసులో పక్క సీటు ఖతరీ అమ్మాయిని అడిగాను. "ఆమ్నా మహమూద్ అల్ జైదా" అని ఠక్కున చెప్పింది. మన పిల్లల్ని కందుకూరి వీరేశలింగం ఎవరని అడిగితే అంత వేగంగా చెబుతారా అని ఒక్క క్షణం అనుమానం వేసింది నాకు.

ఖతర్ నుంచి చమురు ఓడ మొదటిసారి బయల్దేరింది 1949 ఆఖరులో. అంతకు ముందు ముత్యాలకోసం సముద్రంలో మునిగిన దేశం. ఆ వ్యాపారం కూలిపోయాక ఆకలి కూడా చూసిన దేశం. బడులంటే ఇళ్ళల్లో నడిచే ఖురాను బడులే. ఆడపిల్లలకి చెప్పే ఆడవాళ్ళని ముతవ్వా అనేవారు. ఆమ్నాగారు అలా తన ఇంట్లోనే ఆడపిల్లలని కూర్చోబెట్టుకుని చదువు చెప్పిన మనిషి. చమురు డబ్బులొచ్చాక మొదట లేచినవి మగపిల్లల బడులు. ఆడపిల్లల సంగతి వచ్చేసరికి, అన్ని చోట్లా వచ్చినట్టే, పెద్దల అభ్యంతరాలు వచ్చాయి. చివరికి 1950ల మధ్యలో ఆమ్నాగారి బడే సర్కారు గుర్తించిన మొదటి బాలికల పాఠశాల అయింది. ఆవిడ ఖతర్‌కి మొదటి పంతులమ్మ అయింది. ఇప్పుడు ఆవిడ పేరుతో ఒక బాలికల బడి కూడా ఉంది. తర్వాత ఈజిప్టు నుంచీ, పాలస్తీనా నుంచీ, జోర్డాన్ నుంచీ పంతులమ్మలు వచ్చారు, మాలాగే పెట్టెలు పట్టుకుని. 1973లో ఉపాధ్యాయ శిక్షణకోసం కాలేజీ పెడితే మొదటి ఏడాది చేరినవాళ్ళు 57 మంది అబ్బాయిలు, 93 మంది అమ్మాయిలు. ఆ కాలేజీయే తర్వాత ఖతర్ యూనివర్సిటీ అయింది. 2003లో ఈ దేశపు మొదటి మహిళా మంత్రిగా విద్యాశాఖ తీసుకున్న షేఖా అల్ మహమూద్ కూడా బడిపంతులమ్మగా మొదలైన మనిషే.

ఇదంతా సాయంత్రం అమ్మకి చెప్పాను. "పంతులమ్మ మంత్రి అయిందీ!" అని సంబరపడింది. కాసేపాగి, "అదిసరే, ఆ మొదటావిడకి చదువెవరు చెప్పారు?" అంది.

అసలు ముడి అక్కడే ఉంది. పాఠం చెప్పేది ఆడమనిషి అయితే తప్ప తల్లిదండ్రులు ఆడపిల్లని బడికి పంపరు. ఆడపిల్ల చదివితే తప్ప పాఠం చెప్పే ఆడమనిషి దొరకదు. ఈ ముడి ఖతర్‌లోనూ ఒకటే, గోదావరి ఒడ్డునా ఒకటే. వీరేశలింగంగారు 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారని మనందరం చదువుకున్నాం. ఆ కాలపు ఆడపిల్లల బడుల్లో పాఠం చెప్పింది ఎక్కువగా మగవాళ్ళే, అదీ కాస్త వయసు మళ్ళినవాళ్ళు. పదేళ్ళు దాటగానే పిల్లకి పెళ్ళి, బడికి సెలవు. మరి పంతులమ్మలు ఎక్కడినుంచి వస్తారు?

అదృష్టం చెడ్డ ఇళ్ళల్లోంచి వచ్చారు. ఇది నేను కోపంతో అంటున్న మాట కాదు. 1912లో మద్రాసులో సిస్టర్ సుబ్బలక్ష్మి వితంతువులైన చిన్నపిల్లలకి వసతి ఏర్పాటు చేసింది వాళ్ళని ఉపాధ్యాయినులుగా తయారు చేద్దామనే. ఆవిడా బాలవితంతువే. 1922లో గుంటూరులో ఉన్నవ దంపతుల శారదానికేతనం కూడా దిక్కులేని ఆడవాళ్ళకి చదువూ, పనీ నేర్పి నిలబెట్టింది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయిగారికి ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఆ పెళ్ళిని కాదనుకున్న పిల్ల, ఇంకా పసితనం వదలకుండానే కాకినాడలో ఆడవాళ్ళకి హిందీ బడి పెట్టింది. తర్వాత మద్రాసులో ఆంధ్ర మహిళా సభ, మధ్యలో ఆగిపోయిన చదువులు పూర్తి చేయించే కోర్సులు, 1958లో దేశం మొత్తానికి స్త్రీవిద్య మీద వేసిన సంఘానికి అధ్యక్షత. చరిత్రలో స్త్రీవిద్యోద్యమం అని రాసుకున్న పేజీని తిరగేసి చూస్తే, వెనక ఎవరింట్లోనో తిండికి జరగని రోజులు కనబడతాయి.

మా అమ్మ కథా అంతే. అమ్మమ్మకి ఇరవై ఆరో ఏట భర్త పోయాడు. ముగ్గురు పిల్లలతో అన్నగారి పంచన చేరింది. ఆ తాతయ్యకి స్త్రీవిద్య మీద పెద్ద అభిప్రాయాలేమీ లేవట. చెల్లెలు తన ఇంట్లో ఎన్నాళ్ళుంటుంది అన్నదే ఆయన బెంగ. అమ్మ ఈఎస్సెల్సీ, అంటే అప్పటి ఎనిమిదో తరగతి, పాసైంది. ట్రైనింగుకి పంపిస్తే స్టైపెండు ఇస్తారు, రెండేళ్ళు పోతే జీతం వస్తుంది. కానీ వయసు చాలదు. అప్పుడు తాతయ్య కలం తీసి మూడేళ్ళు కలిపాడు. తేదీ తెలియని పిల్లలందరూ ఆ రోజుల్లో జూలై ఒకటినే పుట్టేవాళ్ళు కనక తేదీకి ఇబ్బంది లేకపోయింది. 1945లో పదహారేళ్ళ అమ్మ పంతొమ్మిదేళ్ళ మనిషిగా రాజమండ్రి వెళ్ళింది. 1947లో కోనసీమలో ఒక లంక ఊళ్ళో ఉద్యోగం ఇచ్చారు. బస్సు దిగి, రేవులో పడవెక్కి, ఆపైన ఇసకలో నడక.

పెళ్ళికాని పిల్ల ఒంటరిగా ఎలా ఉంటుందని అమ్మమ్మా వెంట వెళ్ళింది. అమ్మ చెప్పేది, ఊరు మొదటి ఏడాదంతా తన పాఠం వినలేదట, తన నడక చూసిందట. ఏ నూతిలో నీళ్ళు తోడుతోంది, ఎవరితో మాట్లాడుతోంది, పొద్దుగూకేసరికి తలుపు వేసుకుందా లేదా. ఆ పరీక్ష పాసయ్యాకే ఆడపిల్లల్ని పంపారు. మొదటివాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురి వెనకా ఇంటింటికీ తిరగడం ఉంది. "చంటిపిల్లని ఎవరు చూస్తారమ్మా?" అంటే "చంకనేసుకు రమ్మనండి" అనేది. దాంతో వరండాలో ఒక తాటాకు చాప మీద ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు చంటివాళ్ళు దొర్లుతూ ఉండేవారు. తర్వాత ఆ చాప మీద మా అన్నయ్యా దొర్లాడు, నేనూ దొర్లాను.

కోతలకి వెళ్ళి కొందరు మానేసేవారు. పెద్దమనిషి అయ్యి కొందరు. అలా నెలల తరబడి రాని పిల్లల పేరు హాజరు పట్టీలోంచి కొట్టెయ్యాలి. అమ్మ కొట్టేది కాదు. వచ్చినరోజు 'హా', రానిరోజు 'గై'. ఏడాదంతా 'గై' అని రాసిన పేర్లుండేవి. ఓసారి తనిఖీకి వచ్చినాయన ఇదేం పద్ధతని కోప్పడితే, "పేరుంటే ఏదో ఒక రోజు గుమ్మందాకా వస్తుందండీ. కొట్టేశామని తెలిస్తే ఇంక రాదు" అందట. అలా రెండేళ్ళ తర్వాత, మొగుడు వదిలేస్తే తిరిగొచ్చి చదివి నర్సయిన పిల్ల ఒకతి ఉంది. ఒక్కతే. మిగతావాళ్ళు రాలేదు. ఈ సంగతి అమ్మ దాచేది కాదు. 1961 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో చదవను రాయను వచ్చిన ఆడవాళ్ళు నూటికి పన్నెండు మంది. ఆ పన్నెండు మందిని పదమూడు చెయ్యడానికి ఎంతమంది పంతులమ్మలు ఎన్ని రేవులు దాటారో ఏ లెక్కల్లోనూ లేదు.

1959లో పంచాయతీరాజ్ వచ్చి బడులు సమితుల కిందకి వెళ్ళాయి. పై అధికారులు మారారు, బల్లలు మారలేదు. కేర్ వాళ్ళ గోధుమరవ్వ వచ్చాక మాత్రం హాజరు పెరిగిందని అమ్మ ఒప్పుకునేది. ఆ ఉప్మా వాసన నాకిప్పటికీ తెలుసు.

నేను 1971లో అమ్మ తరగతిలోనే ఒకటో క్లాసులో చేరాను. బడిలో "టీచరుగారూ" అనాలి. ఓ రోజు జ్వరమొచ్చి, మర్చిపోయి "అమ్మా" అన్నాను. అందరూ నవ్వారు. అమ్మ నా వంక చూడకుండానే "ఎవరినమ్మా పిలుస్తున్నావు?" అంది. నేను ఏడుస్తూ "టీచరుగారూ, జ్వరంగా ఉందండీ" అన్నాను. అప్పుడొచ్చి నుదురు ముట్టుకుంది. మిగతా పిల్లల్ని ఎలా ముట్టుకునేదో అలాగే. అదే అమ్మ, తల్లిలేని ఒక పిల్లకి రోజూ బడి మొదలయ్యేముందు తలకి నూనె రాసి జడ వేసేది. నాకు జడ వేసింది అమ్మమ్మ. నేను చాలా ఏళ్ళు ఆ పిల్లని క్షమించలేదు. టీచరు ఉద్యోగం మాత్రం చచ్చినా చెయ్యనని పదేళ్ళప్పుడే ప్రకటించాను, మాట నిలబెట్టుకున్నాను కూడా. లెక్కలు రాసుకుని బతుకుతున్నాను. పెద్దయ్యాక ఓసారి దెప్పితే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "నీకు అమ్మమ్మ ఉందిగా" అంది చివరికి. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

1977లో పంతులమ్మ సినిమా వస్తే ఊరంతా అమ్మని చూడమంది. చూసొచ్చి, "బాగుంది. ఆవిడకి పొద్దున్నే పొయ్యి ఎవరు వెలిగించారో మాత్రం చూపించలేదు" అంది.

1983 ఫిబ్రవరిలో పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గింది. అప్పటికే 55 దాటినవాళ్ళందరికీ ఆ నెలాఖరే ఆఖరు. వేలమంది ఒకే సాయంత్రం ఇళ్ళకి వెళ్ళారు. రిజిస్టరులో అమ్మకి యాభై ఆరు దాటింది. నిజానికి ఇంకా యాభై నాలుగు లోపే. 1984 ఆగస్టులో మళ్ళీ 58కి పెంచారు. ఆ తర్వాత కోర్టు తీర్పుతో 58 నిండనివాళ్ళు తిరిగి చేరడానికి వీలు చిక్కింది. అమ్మకి రిజిస్టరులో 58 నిండి అప్పటికి రెండు నెలలు కాలేదు. తాతయ్య కలిపిన మూడేళ్ళే లేకపోతే అమ్మ ఇంకా నాలుగేళ్ళపైన పాఠం చెప్పేది. కానీ ఆ మూడేళ్ళే లేకపోతే అసలు పంతులమ్మే అయ్యేది కాదు. అమ్మకి దీనిమీద కోపం ఉందో లేదో నాకెప్పుడూ అంతుపట్టలేదు. తాతయ్య తద్దినం రోజున మాత్రం ఆయన పేరు చెప్పి ఇద్దరు పిల్లలకి పలకలు కొనిచ్చేది.

ఐన్ ఖాలిద్‌కి కూడా పెట్టెలో ఆవకాయ జాడీ పక్కన నాలుగు పలకలూ, ఓ బలపాల డబ్బా పెట్టుకొచ్చింది. మా విల్లాలో మూడు తెలుగు కుటుంబాలు. పిల్లలకి ఇంగ్లీషూ, హిందీ వచ్చు, స్కూల్లో కాస్త అరబ్బీ కూడా. తెలుగు వినడం వరకే. శుక్రవారాలు సెలవు కనక పొద్దున్న తొమ్మిదింటికి వరండాలో బడి మొదలైంది. నా జమాఖర్చుల పుస్తకం ఒకటి తీసుకుని గీతలు గీసి హాజరు పట్టీ తయారుచేసింది. నా కూతురు మొదటిరోజే "అమ్మమ్మా" అంటే నేను భయపడుతూ తొంగిచూశాను. "ఏం తల్లీ" అంది అమ్మ. వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఒక్కదాన్నే నిలబడ్డాను.

ఎదురు విల్లాలో ఇంటిపనికి ఒకావిడ ఉండేది, రాజోలు దగ్గరి మనిషి. చెత్త పారెయ్యడానికి వచ్చినప్పుడు తెలుగు వినబడి గేటు దగ్గర ఆగింది. శుక్రవారం మధ్యాహ్నం ఇంటివాళ్ళు పెద్దవాళ్ళింటికి భోజనానికి వెళ్తే ఓ అరగంట తీరిక. "మామ్మగారూ, నాకూ రెండు ముక్కలు చెప్పండి. డబ్బు పంపిన కాగితం మీద ఏం రాసుందో తెలుసుకోవాలి" అంది.

మన దేశంలో పదో తరగతి పాసు కాని మనిషి పాస్‌పోర్టు మీద ఇసిఆర్ అని ఉంటుంది. అలాంటి పాస్‌పోర్టుతో గల్ఫుకి ఇంటిపనికి రావాలంటే ఆడవాళ్ళకి ముప్పై నిండాలి. ఆడవాళ్ళని కాపాడదామని పెట్టిన నిబంధనే. అమ్మ పేరు రాసుకుంటూ వయసెంతమ్మా అని అడిగింది. "పాస్‌పోర్టులోనా అండీ? ముప్పై రెండు" అంది ఆవిడ. అమ్మ బలపం కింద పెట్టింది. "నీక్కూడానా?" అంది.

ఏజెంటు ఐదేళ్ళు కలిపాడట.

పెద్దవాళ్ళకి అ, ఆల దగ్గర మొదలుపెడితే పారిపోతారని అమ్మ సిద్ధాంతం. వాళ్ళ ఊరి పేరుతో మొదలెట్టాలి. రా, జో, లు. తర్వాత కూతురి పేరు. తర్వాత అంకెలు, ఇక్కడి అంకెలూ మన అంకెలూ పక్కపక్కన. ఇక్కడి అంకెలు అమ్మ ఆ వారమే నా కూతురి దగ్గర నేర్చుకుంది. ఐదు శుక్రవారాలు వచ్చింది ఆవిడ. ఐదోసారి తన పేరు తనే రాసుకుంది, 'క్ష్మి' దగ్గర మాత్రం పలకంతా ఆక్రమించి. ఆరో వారం రాలేదు. ఏడో వారం నేను గేటుదాకా వెళ్ళాను. ఆ ఇంట్లో వేరే దేశపు అమ్మాయి తలుపు తీసింది. ముందున్నావిడ ఇంటికెళ్ళిపోయిందనీ, ఇంకో ఇంటికి మార్చారనీ రెండు మాటలు విన్నాం. ఏది నిజమో తెలియలేదు. గట్టిగా అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. మన వీసాలు మనకి ముఖ్యం కదా. అమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు గానీ, ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసింది.

2008 మార్చిలో అమ్మ వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఏటేటా బతికే ఉన్నానని పెన్షన్ ఆఫీసుకి సంతకం పంపుతూ, ముప్పై ఆరేళ్ళ సర్వీసుకి ముప్పై ఎనిమిదేళ్ళు పెన్షన్ తీసుకుంది. "వీళ్ళకి నేను నష్టం" అనేది. 2021లో, రెండో విడత కరోనా రోజుల్లో, నిద్రలో పోయింది. నాకు టికెట్టు దొరకలేదు. అన్నయ్య ఫోను పట్టుకుంటే ఇక్కడి వరండాలో కూర్చుని చూశాను. దింపుడు కళ్ళం దగ్గర సిగ్నల్ పోయింది. కార్డులో వయసు ఎంత వెయ్యమంటావని తర్వాత అడిగాడు అన్నయ్య. మరణ ధృవపత్రంలో రిజిస్టరు లెక్కే పడింది. కార్డులో తొంభై రెండే వెయ్యమన్నాను.

ఆ వారంలోనే పాత జమాఖర్చుల పుస్తకం వెతికి తీశాను. పిల్లల పేర్లు ఆరు. ఏడో వరసలో రాజోలు ఆవిడ పేరు. ఐదు 'హా'లు. ఆ తర్వాత మార్చి ఆఖరు శుక్రవారం దాకా వారం వారం గుండ్రంగా, తొందరలేకుండా రాసిన 'గై'లు. పేరు కొట్టెయ్యలేదు.